బల్లి కారులో పక్క సీటు

అనుమానం పెనుభూతం అంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం కారు. అలాంటి కారు ఒక్కటే చేశారు. దాని సీట్లు చేసింది మా ఆయన.

మా ఆయనది బండ్ల సీట్లు కుట్టే పని. పెళ్ళయిన కొత్తలో ఒక కార్ల కంపెనీలో చేసేవాడు. ప్రదర్శనలో జనమంతా నోరు తెరుచుకుని చూసే కారు ఒకటి పెట్టాలని ఆ యజమానికి పిచ్చి పట్టింది. అమ్మడానికి కాదు, రోడ్డెక్కించడానికీ కాదు, ఉత్త చూపించడానికి! రేకును సుత్తులతో కొట్టి కొట్టి పైభాగమంతా చేత్తోనే చేశారు. రేసు కారు ఇంజను తెచ్చి వెనక బిగించారు. తలుపులు పక్కకి తెరుచుకోవు, పైకి లేస్తాయి. కారు నా నడుమెత్తు కూడా ఉండదు. పనివాళ్ళు దానికి బల్లి అని పేరు పెట్టుకున్నారు.

ప్రదర్శన మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. పక్క సీట్లో ఒక మోడల్ పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆమె మీదికి వంగి, వీపు వెనక చెయ్యి పెట్టి, మా ఆయన! అదీ నేను ఇస్త్రీ చేసిచ్చిన కొత్త చొక్కాలో.

"ఎవరండీ ఈవిడ?"

"ఎవరో."

"ఎవరో అయితే వీపు మీద మీ చెయ్యేం చేస్తోంది?"

"పని."

అంతే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ ఒక్క సంగతి దగ్గర మూగవాడైపోయాడు.

ఆ సీట్లు మామూలు సీట్లు కావని తర్వాత తెలిసింది. పెద్ద ప్లాస్టిక్ సంచిలో నురుగు మందు పోసి, మనిషిని దాని మీద కూర్చోబెడతారట. మందు ఉబ్బి, ఆ మనిషి వీపుకీ నడుముకీ తగ్గట్టు గట్టిపడుతుంది. దాని మీద తోలు కుడతారు. ఒకరి సీటు ఇంకొకరికి పట్టదు. డ్రైవర్ సీటు యజమాని ఒంటికి చేశారు. సరే, మరి రెండోది? అడిగితే తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి లేచేవాడు.

నాకు చెప్పాలా? ఆ పిల్లను సంచి మీద కూర్చోబెట్టి, కదలకుండా పట్టుకుని, మందు గట్టిపడేదాకా కబుర్లు చెప్పి ఉంటాడు. తల్చుకుంటేనే ఒళ్ళు మండిపోయేది. పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు, నా మంట చల్లారలేదు. కూరలో ఉప్పెక్కువైంది అంటే, "వెళ్ళి ఆ నవ్వులపిల్లతో వండించుకోండి" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా అనుమానం.

మొన్న ఒక మ్యూజియం నుంచి ఫోన్ వచ్చింది. బల్లి వాళ్ళ దగ్గరికి చేరిందట, పక్క సీటు తోలు చిట్లిందట, చేసిన చెయ్యే కుట్టాలట.

"నేనూ వస్తా" అన్నాను.

"నువ్వెందుకే, ఎండలో?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నేనప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

మ్యూజియం మేనేజర్ కుర్చీ వేయించి బల్లి చరిత్ర మొత్తం చెప్పాడు. ప్రదర్శన అయిన కొన్నాళ్ళకే కంపెనీ మూతపడిందట. కారును ఒక బట్టల వ్యాపారి కొనుక్కుని, ఎక్కలేక దిగలేక నడుం పట్టేసి వదిలేశాడట. ఆ తర్వాత ఎవరి షెడ్డులోనో పడి ఉంటే లోపల కోళ్ళు గుడ్లు పెట్టాయట. "కోళ్ళకైనా పనికొచ్చింది" అన్నాను. మేనేజర్ నవ్వలేదు.

"పక్క సీటు ఆ మోడల్ ఒంటి కొలతకే పోశారమ్మా. అప్పట్లో పేపర్లన్నీ రాశాయి" అన్నాడు.

మా ఆయన వైపు చూశాను. తల దించుకుని కత్తెర పదును చూసుకుంటున్నాడు. కాదనలేదు. ఎన్ని మాటలన్నా, అబద్ధమైతే బాగుండునని లోపల ఒక మూల ఉండేది కదా!

మేనేజర్ వెళ్ళిపోయాడు. మా ఆయన కుట్లు విప్పి, తోలు ఊడదీసి, దాన్ని తడిపి తెస్తానని కుళాయి దగ్గరికి పోయాడు. ఆ పసుప్పచ్చ నురుగు సీటు ఒక్కటే మిగిలింది. అటూ ఇటూ చూసి, చీర ఎగదోపి, తల వంచి కారెక్కి అందులో కూర్చున్నాను. చూద్దాం, ఆ మహాతల్లి నడుమెంతో!

నడుమేమిటి, నాలాంటి దాన్ని కూడా లోపలికి మింగేసింది. భుజాల దగ్గర నాకు అటో జానెడు, ఇటో జానెడు ఖాళీ. కుడి భుజానికి పడిన గుంట ఎడమదానికంటే కిందికి ఉంది. చేత్తో తడిమాను. ఆడపిల్ల వీపు కాదది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి కుడి భుజం వాలిపోయిన మనిషి వీపు. ఆ భుజానికి ఎన్నిసార్లు నూనె రాశానో నాకు తెలియదా?

తడి తోలు పట్టుకుని వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇది మీదే కదండీ?"

తలూపాడు.

"ఎవరో ఒకరి కొలత పెట్టమన్నాడు యజమాని. నేనే కూర్చుంటానన్నా. సరే, స్టేజీ మీదికి నాతో నువ్వే రా అన్నాడు. అందుకే కొత్త చొక్కా. తెర లేచేముందు కార్లో కూర్చునే ఉన్నా. ప్రకటనలవాళ్ళొచ్చి, దిగవయ్యా, అమ్మాయి కూర్చోవాలి అన్నారు. యజమాని అటు తిరిగి చూడనైనా లేదు. దిగిపోయా. ఆ పిల్లేమో అందులో కూరుకుపోయి కెమెరాకి కనబడలేదు. వెనక దిండు పెట్టమని మళ్ళీ నన్నే పిలిచారు."

"ఈ మాట నాకు చెప్పడానికేం?"

"చెబితే జాలిపడేదానివి. అనుమానపడితే తిడతావు. నాకు తిట్లే నయమనిపించింది."

ఆయన మీద జాలి వేసింది, నిజమే. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"మీకు నయమే. మరి నేను? ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆ పిల్లే కనబడేది నాకు. నాకేం తక్కువైందని అనుకునేదాన్ని. అది తెలుసా మీకు?"

ఆయన చేతిలోని తోలు నుంచి నీళ్ళు కారి పాదాల మీద పడుతున్నాయి.

"నీ సంగతి" అని ఆగాడు. "నీ సంగతి ఎప్పుడూ తట్టలేదే నాకు."