అక్కకు ఒకటే కె

ఆ కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే అతనికి నల్లతెర అని పేరు పెట్టారు ఆపరేషన్ థియేటర్ వాళ్లు. మౌస్ పట్టుకోవడమంటే అతనికి నామోషీ. ఏ పనైనా నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేసే చేయించేవాడు. బొమ్మల మీద నొక్కుతూ పని చేసుకునేవాళ్లని చూస్తే, ఇంకా పాకుతున్న పిల్లల్ని చూసినట్టు జాలిపడేవాడు.

ఆసుపత్రి పాస్‌వర్డులన్నీ ఒక ప్రోగ్రాంలో దాచాడు. దాన్ని ఖజానా అనేవాడు. దానికి తాళం ఒక పొడుగాటి వాక్యం. అది కొడితేనే తెరుచుకుంటుంది. ఫోన్ మీద వేలు ఆనిస్తే తెరుచుకునే ఏర్పాటు కూడా ఉంది గానీ, అది చేతకానివాళ్లకని పెట్టుకోలేదు. ఇంకొకరికెవరికైనా ఆ తాళం ఇచ్చి ఉంచమని పెద్ద డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ బుద్ధిగా తలూపాడు.

ఒక మంగళవారం పొద్దున సర్వర్ దానంతట అదే ఆగిపోయి, మళ్లీ లేచి, పాస్‌వర్డు అడుగుతూ కూర్చుంది. అది చెబితే గానీ ఆ రోజు ఎవరికి ఏ కన్ను చెయ్యాలో, ఏ నంబరు లెన్సు పెట్టాలో తెలీదు. పై అంతస్తులో పదకొండు మంది కళ్లలో చుక్కలు వేయించుకుని, పక్కవాళ్ల మొహాలు మసకమసకగా చూసుకుంటూ కూర్చున్నారు.

కబురు తెచ్చింది థియేటర్ హెడ్ నర్సు. అతని సొంత అక్క.

చిటికెలో పని అన్నాడు ఆవిడతో. నిజానికి చిటికె వెయ్యడానికి కూడా వేలు లేదు. ముందురోజు కారు తలుపులో పడి కుడిచేతి మధ్యవేలు నలిగితే, రేకు పెట్టి కట్టు కట్టారు.

అలవాటుకొద్దీ గబగబా వాక్యం కొట్టాడు. ఆ తెర మీద తాళం కొట్టేటప్పుడు ఏ అక్షరమూ కనిపించదు, చుక్కయినా పడదు. తప్పు అని వచ్చింది. ఈసారి ఒంటివేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మళ్లీ తప్పే. మూడోసారి కూడా తప్పితే అరగంట దాకా ఖజానా మొహం చూపించదు. ఆ నియమం పెట్టిన మహానుభావుడు కూడా తనే.

వాక్యమైతే నోటికి వచ్చు. తెలుగు వాక్యమే. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశాడన్నదే గుర్తుకు రావడం లేదు. ఒత్తుకి ఒక అక్షరం పెట్టాడా, రెండా? ఎక్కడ దీర్ఘం తీశాడు? ఏడేళ్లుగా ఆ సంగతులన్నీ వేళ్లే చూసుకున్నాయి, బుర్ర వాటిమీద వదిలేసి హాయిగా ఉంది.

ఆ మాటే అక్కతో చెప్పుకున్నాడు. రోజూ అతను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టే తెలుగు మెసేజులు చదివేది తనే గనక, వాక్యమేదో చెబితే ఎలా రాసి ఉంటాడో తను పట్టుకుంటానంది. తాళం ఎవరికీ చెప్పకూడదన్నాడు. కిందటి నెల అందర్నీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పిన పాఠం అది. ఇంకాసేపైతే పైనున్నవాళ్లకి మళ్లీ చుక్కలు వెయ్యాలంది అక్క.

నల్లతెరకి మెడ దాకా చెమటలు పట్టాయి.

"అక్కకంటే నేనే తెలివైనవాణ్ణి," అన్నాడు కీబోర్డు వైపు చూస్తూ.

భూమి రెండుగా చీలితే అందులో దూరిపోయేవాడే. కానీ అక్క నవ్వలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"అక్కకి రెండు కె లు కొట్టావా?"

"మరి ఒత్తు ఉంది కదా."

"నువ్వెప్పుడూ ఒకటే పెడతావురా. వాణ్ణి అని పలుకుతావు, వాడిని అని రాస్తావు. జరుగు."

ఆవిడే కొట్టింది. ఖజానా తెరుచుకుంది.

సర్వర్ పాస్‌వర్డు చూపించమని ఎడమచేత్తో ఆదేశం కొట్టాడు. అది తెర మీదకి వచ్చేలోపు, ఎవరూ చెప్పకుండానే అక్క గోడవైపు తిరిగింది. అది చూసేసరికి అతనికి ఇంకా సిగ్గేసింది. ఆ పాస్‌వర్డు కొడితే ఆపరేషన్ల జాబితా వచ్చింది. నలుగురికి చుక్కలు మళ్లీ వెయ్యాల్సొచ్చినా, పదకొండు ఆపరేషన్లూ గంట ఆలస్యంగా బాగానే జరిగాయి.

మధ్యాహ్నం సంజాయిషీ చెప్పుకోవడానికి పైకి వెళ్లాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏదో మాటామాటా వచ్చిన రోజున పెట్టుకున్న వాక్యమని, మనసులో అలాంటిదేం లేదని నసిగాడు. అక్క పనిముట్లు సర్దుతూనే విన్నది.

"అంటే ఏడేళ్లుగా రోజూ పొద్దున్నే ఇది రాసుకుంటున్నావన్నమాట," అంది. "ఇంకా నమ్మకం కుదర్లేదా?"

ఏం చెప్పినా ఇంకాస్త కూరుకుపోయేలా ఉంది. అక్క నవ్వింది, చివరికి అతనూ నవ్వాడు.

అక్కణ్నుంచి నేరుగా పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, ఆ వాక్యం ఒక్కటి మింగేసి, జరిగిందంతా చెప్పాడు. రెండో తాళం హెడ్ నర్సు దగ్గర ఉంచుతానన్నాడు. ఆయన అతన్ని ఒకసారి పైనుంచి కిందకి చూసి, సరేనన్నారు. సాయంత్రానికల్లా ఫోన్‌లో వేలిముద్ర పెట్టుకున్నాడు. కొత్త వాక్యం కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో విడివిడిగా రాసి, కవరులో పెట్టి అంటించి అక్కకిచ్చాడు.

"ఇందులో కూడా నేనున్నానా?"

"లేవు. నా గురించే."

ఆవిడ ఇంకేమీ అడక్కుండా కవరుని మందుల అల్మారాలో పెట్టి తాళం వేసింది. అతను కిందకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసుకుని, కొత్త వాక్యంతో ఖజానా తెరవబోయాడు. మొదటిసారి తప్పే కొట్టాడు.