ఉసిరికొమ్మ మీద రెండు గీతలు

నేను ఒక బటన్ల ఫోన్‌ని. రెండు సిమ్ములు, ఒక టార్చిలైటు, ఒక పాము ఆట. నా గొప్ప అంతే. ఏదో ఫ్యాక్టరీలో వరుసగా కూర్చున్న ఆడపిల్లలు నా పొట్ట బిగించారు. వాళ్ళ ఫోన్లను మాత్రం గేటు దగ్గరే తీసేసుకునేవాళ్ళు. రోజుకు వందల ఫోన్లు బిగించే పిల్లకు ఇంటికి ఒక్క మాట చెప్పుకునే దారి లేదు. అది చూస్తూ పుట్టాను. ఆ తర్వాత మనుషులు ఏం చేసినా నాకు వింతగా అనిపించలేదు.

సంతలో నన్ను కొన్నవాడు వంతల గాసి. ఊరు పనసబంద. ఏజెన్సీలో, కొండల మధ్య ఇరవై రెండు గడపలు. రోడ్డు లేదు, టవరు లేదు. గాసి చేసే పనేమిటో తెలుసా? టవర్లు ఎత్తడం. ఉత్తరాన ఎక్కడో మంచుకొండల్లో, ఒంటి మనిషి నడవడమే కష్టమైన చోట, ఇనుప కమ్మీలు భుజాన మోసి టవరు నిలబెట్టే కూలీ. ఆ దారిన వచ్చీపోయే వాళ్ళందరికీ సిగ్నలు ఇచ్చే చేతులవి. తన పెళ్ళాంతో మాట్లాడాలంటే మాత్రం లారీ పట్టుకుని రెండు లోయలు దాటాలి. దీన్ని అభివృద్ధి అంటారట. నేను చదువుకోలేదు, అందుకే అర్థం కాలేదు.

వెళ్ళేముందు నన్ను భార్య దొయిమతి చేతిలో పెట్టాడు. "ఎవుడి ఫోన్నుంచైనా సేస్తాను. నాకు నోటికొచ్చింది నీ నంబరొక్కటే," అన్నాడు.

"నా పేరు మర్సిపోయినా పర్నేదు. అది మర్సిపోకు," అంది దొయిమతి.

పనసబందలో సిగ్నలు దొరికేది ఒక్కచోటే. ఊరి మీద పిల్లికొండ, ఆ కొండ కొసన ఉసిరి చెట్టు, ఆ చెట్టుకు తూర్పు కొమ్మ. అక్కడ రెండు గీతలు. జానెడు ఇటు జరిపితే సున్నా. అందుకని ఆ ఊరి ఫోన్లు ఊళ్ళో ఉండవు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దారం కట్టి, కొమ్మకు వేలాడదీసి ఎవరి పనికి వాళ్ళు పోతారు. కొండ మీద మేకలు కాసే బుద్రి ముసలమ్మ మా అందరి ఆపరేటరు. ఎవరిది మోగినా ఎత్తుతుంది, విషయం వింటుంది, కొండ అంచుకు పోయి ఊరి మీదికి కేకేస్తుంది.

"ఓలె దొయిమతీ! గాసిగాడు సేసాడే! అన్నం తిన్నావా అంటన్నాడు! తిన్నావని నానే సెప్పీసేను!"

కట్టుబాటు ఒకటే. మోగితే ఎవరిదైనా ఎత్తొచ్చు. కొమ్మ మీంచి ఇంకొకరిది దించకూడదు. తాళం చెవి ఎలా ఉంటుందో తెలియని ఊళ్ళో ఇంతకంటే చట్టం అక్కర్లేదు.

ఆ ఏడు వానలకు ఉత్తరాన కొండలు విరిగిపడ్డాయి. గురువారం సంతలో కిరాణా కొట్టు టీవీ ముందు నిలబడి దొయిమతి ఆ మాట విన్నది. టవరు పనివాళ్ళు కొందరు కనపడలేదట. ఎవరెవరో పేర్లు చెప్పలేదు. కూలీలకు పేర్లుండవు, లెక్క ఉంటుంది. అది కూడా సరిగ్గా ఉండదు.

నన్ను కొమ్మకు కట్టింది. ఎండ లేదు, సోలారు పలకల మీద చార్జింగు ఎక్కడం లేదు. ఊళ్ళో వాళ్ళు తమ ఫోన్లు దించుకుని, మిగిలిన బ్యాటరీలు దొయిమతికి ఇచ్చేశారు. పొద్దున్నే కొండెక్కి వచ్చి నా పొట్టలో బ్యాటరీ మార్చి, కవరు తుడిచి, ముడి బిగించి పోయేది. ఎనిమిది రోజులు కొమ్మంతటికీ నేనొక్కదాన్నే. గాలి వీస్తే ఊగడం, ఆగితే ఆగడం. మోగడానికే పుట్టినదానికి మోగకుండా ఉండటం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

ఎనిమిదో రోజు, శుక్రవారం, బుద్రి తప్పిపోయిన మేకపిల్ల కోసం అవతలి వాలుకు పోయింది. అప్పుడే ఇద్దరు ప్రయాణికులు కొండెక్కారు. భార్యాభర్తలు, పట్నంవాళ్ళు. చేతిలో రెండేసి ఫోన్లు, సంచిలో పవర్ బ్యాంకు. వాటిని ఆకాశానికి ఎత్తి చుట్టూ తిరిగారు. ఒక్క గీత రాలేదు. అప్పుడామె నన్ను చూసింది.

"అయ్యో, ఎవరో మర్చిపోయారండీ! వానకు పాడైపోతుంది. కింద ఊళ్ళో ఇచ్చేద్దాం."

"నీకెందుకు, వదిలెయ్."

"మనది పోతే తెలుస్తుంది బాధ," అని ముడి విప్పింది.

ఆమె మంచిది. వచ్చిన చిక్కంతా అదే. దొంగయితే నాకు తిట్టుకోవడానికైనా వీలుండేది. పైగా వాళ్ళు దిగింది అవతలి వైపు దారిన, తమ కారు దగ్గరికి. పనసబంద ఊరే వాళ్ళ కంటికి పడలేదు.

కారు తారు రోడ్డెక్కగానే ఆమె సంచిలో నేను మోగాను.

"దొయిమతీ! నానే! బతికే ఉన్నాను!"

"హలో, ఎవరండీ? ఈ ఫోన్ మాకు కొండ మీద చెట్టుకు దొరికింది..."

అవతల గాసి మెల్లిగా అన్నాడు: "దింపీసేవా తల్లీ? అది దొరకడం కాదమ్మా, మేం కట్టుకున్నాం. పనసబంద మాది. మిలిట్రీ బాబు ఫోన్నించి సేస్తన్నాను, ఇక్కణ్ణుంచి పది రోజుల నడక, మరి సిగ్నలుండదు. నాను బతికున్నానని సెప్పీ. ఆ కొమ్మకే మల్లా కట్టీ. అదక్కడ నేకపోతే నానెవులికి సెయ్యాల?"

లైను కట్టయింది. ఆమె డ్రైవరు వైపు వంగింది. "వెనక్కి తిప్పండి," అంది. "మూడు గంటల నడక మేడమ్, రైలు పోద్ది," అన్నాడు డ్రైవరు. భర్త వాచీ చూశాడు. సంత ఊళ్ళో కిరాణా కొట్టు ముందు కారు ఆపి, కొట్టాయన అప్పలకొండకు నన్ను ఇచ్చి, విషయమంతా రెండుసార్లు చెప్పింది. కళ్ళు తుడుచుకుంది. రైలెక్కింది.

"సంతకొస్తారు కదా, ఇచ్చీద్దాం," అనుకుని అప్పలకొండ నన్ను సొరుగులో పడేశాడు. సంత మళ్ళీ గురువారం. ఆరు రోజులు.

ఆ సొరుగులో, కొవ్వొత్తులకీ అగ్గిపెట్టెలకీ మధ్య, జన్మలో మొదటిసారి నాకు నాలుగు గీతలు వచ్చాయి. ఎవరూ చెయ్యలేదు. చేసేవాడు నడుస్తున్నాడు, ఎత్తేది కొండ మీద ఉంది. ఒక మనిషి బతికున్నాడన్న మాట నా గుండా పోయింది, నాకేమో నోరు లేదు. రెండో రోజుకు బ్యాటరీ అయిపోయింది.

ఆ తర్వాతి సంగతులు బుద్రి మేకలతో చెప్పుకుంటుంటే విన్నాను. ఖాళీ కొమ్మ చూసి దొయిమతి ఏడవలేదట. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా చెట్టు కిందే కూర్చునేదట. గాసి అన్న కొండన్న కొండెక్కి వచ్చాడట.

"మనిషీ నేడు, ఫోనూ నేదు. ఇంకేటి కాస్తావమ్మీ? సెయ్యాల్సింది సేసీనీ."

"మోగనేదు బావా. మోగనేదంటే మోగనేదనే. పోయాడని కాదు."

ఊరు ఆ లెక్క ఒప్పుకోలేదు. బుధవారం ఆమె గాజులు తీయించేశారు. గురువారం పొద్దున్నే బోసి చేతులతో మళ్ళీ కొండెక్కి కూర్చుంది.

ఆ రోజే బుద్రి మేకను అమ్ముకోవడానికి సంతకు వచ్చింది. అప్పలకొండ బెల్లం తూస్తూ, "మీ ఊరోళ్ళదే, ఎవులో అమ్మ ఇచ్చింది. ఆ గాసి బతికే ఉన్నాడట," అన్నాడు. ఎంత తాపీగా అన్నాడో! ముసలిది మేకను అక్కడే వదిలేసి, నన్ను కొంగున కట్టుకుని, ఆ వయసులో పరిగెత్తింది. కొండ సగంలో ఉండగానే కేక మొదలుపెట్టింది. జన్మలో మొదటిసారి కిందనుంచి పైకి.

"ఓలె దొయిమతీ! సేసాడే! గాసిగాడు సేసాడే!"

దొయిమతి లేచి నిలబడింది. నన్ను తీసుకుని తూర్పు కొమ్మకు, అదే చోట, రెండు ముళ్ళు వేసింది. ముడి లాగి చూసి అడిగింది:

"బుద్రమ్మా, సంతలో గాజులోడు ఇంకా ఉన్నాడా, కట్టీసేడా?"

గాసి వచ్చాడు. పిల్లికొండ మీద కూడా టవరు లేచింది, కమ్మీలు మోసింది అతనే. పెద్దమనుషులు వచ్చి రిబ్బను కోసి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. కరెంటు మాత్రం ఇవ్వలేదు, రెండేళ్ళయింది. టవరు నీడలో మేకలు పడుకుంటాయి. ఫోన్లు ఉసిరికొమ్మకే వేలాడుతున్నాయి. నాకు తెర పగిలింది, మోగడం మానేశాను. అయినా దొయిమతి నన్ను దించలేదు. కొండెక్కినప్పుడల్లా నా ముడి లాగి చూస్తుంది. గాజులు కవరుకు తగులుతాయి.

ఈ దారిన వచ్చే అమ్మలారా, అయ్యలారా. మేం తప్పిపోలేదు. చెయ్యి పెట్టకండి.