నరాలు కనబడని తోలు

తోళ్ళవాడు గండోల్ఫో తెచ్చిన గొర్రె తోళ్ళను రాతగాడు రికోబెనే ఒక్కొక్కటిగా కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. మొదటివి రెండూ చూడగానే మొహం మాడిపోయింది. తోలు నిండా సన్నటి నల్లని నరాలు, ఆకులో ఈనెల్లా పాకి ఉన్నాయి.

కత్తితో కోసిన గొర్రెకు నెత్తురంతా కారిపోతుంది, తోలు తెల్లగా వస్తుంది. తనంతట తాను చచ్చిన గొర్రెకు నెత్తురు నరాల్లోనే గడ్డకడుతుంది. ఆ తోలును సున్నపు తొట్టిలో ఎన్నాళ్ళు నానబెట్టినా, చట్రానికి ఎంత బిగించి గీకినా ఆ గీతలు పోవు. బొలోన్యా ఊళ్ళో తోలు మీద రాయడానికి కలం పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. చచ్చిన జీవాల తోలు అమ్మకూడదని తోళ్ళవాళ్ళ సంఘానికి కట్టుబాటు కూడా ఉంది. కట్టుబాట్లకేం, గోడకు కొట్టిన మేకుల్లాంటివి, ఎవరి గుడ్డ వాళ్ళు తగిలించుకుంటారు.

గండోల్ఫో దాపరికం లేకుండానే మాట్లాడాడు. కొండల్లో మందలకు మందలు పడిపోతున్నాయట. కాపరులు పూడ్చడానికి ఓపిక లేక తోళ్ళు ఒలిచి, వచ్చినకాడికి ఇచ్చేస్తున్నారట. ఊళ్ళో ఇంకెవరి కొట్టుకు వెళ్ళినా ఖాళీ చట్రాలే కనిపిస్తాయట.

“కావాలంటే చెప్పు రికో బాబూ, వద్దంటే చెప్పు. దిగులు మొహం మాత్రం పెట్టకు,” అంటూ ముంజేయి గోక్కున్నాడు.

ఆ ముంజేతి మీద ఒక పుండు. చుట్టూ ఉబ్బి, నడిమధ్య బొగ్గులా నల్లగా ఉంది. నొప్పిగా ఉందా అని రికోబెనే అడిగితే, ఇంత పుండుకీ నొప్పే లేదు, అదే చిత్రం అని నవ్వాడు తోళ్ళవాడు.

రికోబెనే తోళ్ళు తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు? డీట్‌మార్ అనే జర్మను మతగురువు ఇక్కడి చదువు ముగించుకుని ఈస్టర్ వెళ్ళగానే తన ఊరికి వెళ్ళిపోతాడు. వెళ్ళేటప్పుడు చర్చి ధర్మశాస్త్రం మొత్తం, పోపులు ఇచ్చిన తీర్పులన్నీ, వాటి చుట్టూ పండితుల వ్యాఖ్యానంతో సహా, ఒకే గ్రంథంగా పట్టుకెళ్ళాలని ఆయన కోరిక. ఒకే రకం తోలు, మచ్చ ఉండకూడదు, ఆదినుంచి అంతందాకా ఒకే చేతిరాత. ఇదీ ఒప్పందం. ఇన్నేళ్ళూ రికోబెనే ఎవరెవరి పుస్తకాల్లోనో నాలుగేసి మడతలు, అంటే మడిచి కుట్టే తోలు పేజీల కట్టలు, రాసి పడేసినవాడు. ఎక్కడా తన పేరు లేదు. ఈ పుస్తకం చివర మాత్రం ఇది రాసినవాడు ఫలానా అని ఎర్రసిరాతో వేసుకోవచ్చు. దాన్ని తలుచుకుంటేనే అతనికి కడుపు నిండేది.

తోళ్ళు తీసుకెళ్ళి వెనకగదిలో అక్క ముందు పరిచాడు.

అక్క పేరు బెల్వీసా. భర్త పోయాక పుట్టింటికి వచ్చింది, వచ్చిన ఏడాదే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. అతను రాసే తోళ్ళన్నీ ఆమె చేతుల మీదుగా తయారైనవే. నురుగురాయితో రుద్ది, సుద్ద పొడి చల్లి తుడిచి, అంచుల వెంట సూదితో పొడిచి, సీసపు పుల్లతో గీతలు గీసి ఇస్తుంది. మడత వేసేటప్పుడు వెంట్రుక వైపుకు వెంట్రుక వైపు, మాంసం వైపుకు మాంసం వైపు ఎదురెదురుగా వచ్చేట్టు పేరుస్తుంది. అలా పేరిస్తేనే పుస్తకం ఎక్కడ తెరిచినా రెండు పేజీలూ ఒకే రంగులో ఉంటాయి.

“చచ్చి కూడా పరువు దక్కించుకోలేదు పాపం ఈ గొర్రెలు,” అంది బెల్వీసా, వేలితో ఒక నరం వెంట గీస్తూ. “ఇవి కనబడకూడదు, అంతే కదరా? నీ మోకాళ్ళ మట్టి వదలగొట్టినదాన్ని, నాకిదో లెక్కా.”

కనబడకూడదు. రికోబెనే బుర్రలో ఉన్నది అదొక్కటే. ఆ గొర్రె ఎందుకు చచ్చిందన్న ప్రశ్న అతనికి తట్టలేదు. రాతగాడికి తోలు మీద మచ్చ కనిపిస్తుంది గాని మచ్చ వెనక చావు కనిపించదు.

ఆమె రుద్దడం మొదలుపెట్టింది. మామూలు తోలును ఒకసారి రుద్దితే చాలు. వీటిని రెండు వైపులా, మళ్ళీ మళ్ళీ, పొర పొరగా అరిగేదాకా రుద్దాలి. తెల్లటి దుమ్ము ఆమె జుట్టు మీద, కనుబొమల మీద, ముక్కుపుటాల్లో పేరుకుంది. సాయంకాలానికి గోధుమపిండి మరలో పనిచేసేవాడిలా బయటికి వచ్చి తుమ్మేది. ఆమె తెరిచి పెట్టుకున్న కిటికీ గాలికి దుమ్ము లేచి ముందుగదిలోకి వచ్చి తడి సిరా మీద పడుతోందని రికోబెనే విసుక్కున్నాడు. వెనకగది కిటికీ, తలుపూ మూసుకుని పని చేసుకోమన్నాడు.

“ఆ చేత్తోనే నన్ను కూడా పుస్తకంలో పెట్టి అట్టలు వేసెయ్,” అని నవ్వి, మూసుకుంది.

పని బాగా సాగింది. ఊళ్ళో పుస్తకాల కొట్టువాడు మూలప్రతిని విడి ముక్కలుగా అద్దెకిస్తాడు. ఒక ముక్క తెచ్చి రాయడం, తిరిగిచ్చి ఇంకో ముక్క తెచ్చుకోవడం. పేజీ మధ్యలో రెండు వరుసల్లో శాసనం, దాని నాలుగు పక్కలా సన్నటి అక్షరాల్లో వ్యాఖ్యానం. డీట్‌మార్ గురువు ఒకరోజు వచ్చి, రాసిన మడతలు వేలితో తడిమి, ఇంత నున్నటి తోలు ఈ ఊళ్ళో ఎక్కడ దొరికిందని ఆశ్చర్యపోయాడు. రికోబెనే, అంతా మా అక్క చేతి చలవ అన్నాడు. అది అబద్ధమేం కాదు.

క్రిస్మస్ వెళ్ళాక గండోల్ఫో రావడం మానేశాడు. చివరి మడతలకు తోళ్ళు చాలవేమోననిపించింది. రికోబెనే మంచులో పడి, కాలవ పక్కనున్న తోళ్ళవాళ్ళ వీధికి తనే వెళ్ళాడు. గండోల్ఫో ఇంటి ముందు చట్రాలన్నీ బోర్లించి ఉన్నాయి. సున్నపు తొట్టి మీద బల్ల వేసి, దాని మీద రాళ్ళు పెట్టారు. అతని భార్య మబీలియా గడపలో కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు.

గండోల్ఫో పోయి వారమైందట. పుండు నల్లబడి, చెయ్యంతా వాచి, జ్వరంలో తెలివి తప్పి పోయాడట. కొండల్లో ఆ తోళ్ళు ఒలిచిన కాపరి అంతకు ముందే పోయాడు. వాటిని బండిలో దింపినవాడు పోయాడు. గీకిన పీలికలు వీధిలో పారేస్తే కుక్కలు వాసన చూసి వెనక్కి తగ్గాయట. ఆకలికి చెప్పులు నమిలే కుక్కలవి.

“ఆ తోళ్ళు ముట్టినవాళ్ళే పోతున్నారు నాయనా,” అంది మబీలియా. “ఇంట్లో ఉన్నవి కాల్చెయ్. మీ అక్కను ముట్టుకోనివ్వకు. నీకు దణ్ణం పెడతాను.”

కాల్చేస్తాను అన్నాడు రికోబెనే. ఆ మాట అన్నప్పుడు నిజంగానే కాల్చేద్దామనుకున్నాడు. ఆ మాత్రం న్యాయం అతనికి చెయ్యాలి.

కాని దారి పొడుగునా ఆ మాట అరుగుతూ వచ్చింది. కాలవ వంతెన దగ్గర, కాల్చేస్తే ఇలాంటి తోలు ఇక దొరకదు కదా అనుకున్నాడు. బజారు వసారాల్లోకి వచ్చేసరికి, పుండు పడ్డవాళ్ళు కదా పోయింది, అక్క చేతికి పుండేమీ లేదే అనుకున్నాడు. తమ వీధి మలుపు తిరిగేసరికి, ఆడవాళ్ళు భర్త పోయిన దుఃఖంలో ఏదో ఒకటి అంటారు అని కూడా అనుకున్నాడు. మనిషికి తనకు కావలసిన సాక్షులు ఎప్పుడూ దొరుకుతారు, అందరూ తన కడుపులోనే ఉంటారు. పుస్తకంలో మిగిలింది నేరాల భాగంలో కొంత. ఆ కాస్తా అయిపోతే అక్కను ఇంక ఏ తోలూ ముట్టనివ్వను అని ఒట్టు పెట్టుకుని ఇంట్లో అడుగుపెట్టాడు. ఇంట్లో మిగిలిన తోళ్ళు పొదుపుగా వాడితే సరిపోతాయని కూడా అప్పటికే లెక్క వేసుకున్నాడు.

గండోల్ఫో పోయాడని అక్కకు చెప్పాడు. ఆమె శిలువ గుర్తు వేసుకుంది, పాపం అంది, దేనివల్ల అని అడిగింది.  జ్వరం అన్నాడు.

మర్నాడు మాత్రం ఉండబట్టలేక, ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు. ఆమె వింతగా చూసింది.

“ఏంట్రా, ఉన్నట్టుండి నా మీద ఇంత ప్రేమ?”

కావాలంటే తనే రుద్దుతానన్నాడు. నీ చెయ్యి వణికితే రాసేదెవర్రా, పోయి నీ పని చూసుకో అని ఆమె కసిరింది. రెండోసారి అనలేదు అతను. ఒక్కసారి అన్నాను కదా అని మనసుకు చెప్పుకున్నాడు. గుడ్డ ఆమె మధ్యాహ్నం దాకా కట్టుకుంది. ఊపిరాడక తీసేసింది.

ఆ రోజు అతను రాస్తున్నది హత్యలను గురించిన అధ్యాయం. తెలిసి చేసినవీ, తెలియక చేసినవీ. ఒకడు గోపురం మీద పని చేస్తూ దూలం కిందికి వేశాడు, కింద నడిచేవాడు చచ్చాడు. వేసేముందు కింద వాళ్ళను కేకేసి హెచ్చరించాడా లేదా అన్నదే ప్రశ్న. కేకేసి ఉంటే ఒక తీర్పు, వేయకపోతే ఇంకొకటి. వ్యాఖ్యాత దాని పక్కనే, ఆ కేక కిందివాడికి వినబడేంత గట్టిగా వేశాడా అన్నది కూడా చూడాలి అని రాశాడు. రికోబెనే ఆ పేజీని ఎక్కడా తప్పు లేకుండా రాశాడు. తర్వాత దాన్ని దిద్దేవాడికి చుక్క కూడా మార్చే పని పడలేదు.

తలుపు అవతల నురుగురాయి చప్పుడు రోజంతా వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా అతని కలం ఆగేది. మళ్ళీ మొదలైతే ఊపిరి తీసుకుని రాసుకునేవాడు.

ఒకరోజు ఆ చప్పుడు ఆగి, మళ్ళీ మొదలవలేదు.

వెళ్ళి చూస్తే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చలి అంది, గుండెల మీద బండ పెట్టినట్టుంది అంది. మొదట పడిశం అనుకున్నారు. చెస్ట్‌నట్ కాయల పిండితో గంజి కాచి తాగించాడు. ఒకరోజు కాస్త తేరుకుని, నీ ఎర్రసిరా పేరు ఎక్కడ రాస్తావో చూపించమని అడిగింది. ఆ మర్నాడు పొద్దున్నే పెదవులు నీలంగా మారాయి. వైద్యుడు వచ్చి నాడి పట్టి, పెదవి విరిచి, ఫాదరీని పిలుచుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. ఒంటి మీద ఎక్కడా పుండు లేదు. రికోబెనే ఆమె చేతులు రెండూ తిప్పి తిప్పి చూశాడు.

ఫాదరీ వచ్చి వెళ్ళాక బెల్వీసా తమ్ముణ్ణి దగ్గరికి పిలిచింది. మాట మాటకూ ఊపిరి వెతుక్కుంటోంది. కళ్ళలో మాత్రం పాత కొంటెతనం ఇంకా మిగిలే ఉంది.

“మబీలియా వచ్చిందిరా. గండోల్ఫో భార్య.”

“ఎప్పుడు?”

“నువ్వు మూలప్రతి ముక్క మార్చుకు రావడానికి వెళ్ళినప్పుడు. ఎప్పుడో, మొన్నమొన్నే. తోళ్ళలో చావుందంది. నీకు చెప్పానంది. ఇంకా రుద్దుతున్నావా అని నన్ను పట్టుకుని ఏడ్చింది.”

 మరి నాతో ఎందుకు అనలేదక్కా అన్నాడు రికోబెనే.

“అనడానికేముందిరా. నీకు చెప్పానంది కదా. అందులో నిజమే ఉంటే మా తమ్ముడు నా చేత రుద్దిస్తాడా అన్నాను. పిచ్చి మనిషి. దిగులుతో మతి పోయిందనుకుని, ఇంత రొట్టె పెట్టి పంపేశాను.”

దగ్గు వచ్చింది. అది ఆగాక అతని మణికట్టు పట్టుకుంది.

“అంతే కదరా?”

చెప్పడానికి అదే ఆఖరి సమయం అని అతనికి తెలుసు. కేక వేయాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయిందనీ తెలుసు. ఇప్పుడు నిజం చెబితే ఆమె పోయేది తోళ్ళ వల్ల కాదు, అతని వల్ల. అబద్ధం చెబితే తమ్ముడి చెయ్యి పట్టుకుని పోతుంది.

“అంతే అక్కా,” అన్నాడు.

ఆమె తల ఊపి కళ్ళు మూసుకుంది. సాయంకాలపు గంటలు మోగకముందే పోయింది.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు డీట్‌మార్ గురువు పంపిన మనిషి వచ్చి, పుస్తకం ఎంతవరకు వచ్చిందో కనుక్కున్నాడు. ఇంకొక్క మడత అన్నాడు రికోబెనే. ఆ మడతకు కావలసిన తోళ్ళు వెనకగది బల్ల మీద ఆమె వదిలేసిన చోటే ఉన్నాయి. పైదాన్ని ఆమె సగం రుద్దింది. ఆ సగం పాలలా తెల్లగా ఉంది, మిగతా సగంలో నరాలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. బల్ల మీద దుమ్ములో ఆమె మోచేతుల అచ్చు ఇంకా ఉంది.

 రికోబెనే కిటికీ మూశాడు, తలుపు మూశాడు. మేకుకు వేలాడుతున్న ముక్కుగుడ్డను చూసి, దాన్ని అక్కడే ఉండనిచ్చాడు. నురుగురాయి తీసుకుని, అక్క ఆపిన చోటు నుంచి రుద్దడం మొదలుపెట్టాడు.