ఎవరి గొంతూ కానిది

మాస్టారు కీబోర్డు అడుగు రేకు విప్పి, మరలన్నీ అయస్కాంతానికి అంటించారు. తెగిన వైరు అతికించి, మళ్ళీ మూసి, ఎప్పట్లాగే ముందు 'వయొలిన్' అని రాసిన మీట నొక్కారు. వచ్చిన శబ్దానికి మొహం చిట్లించారు.

"దొంగ!" అన్నారు, ఎదురుగా మనిషి ఉన్నట్టు.

ఒకప్పుడు ఆయన పాటల రికార్డింగుల్లో వయొలిన్ వాయించేవారు. ముప్ఫై మంది కూర్చునే చోట ఒక్క కీబోర్డు వచ్చి కూర్చుంది. ఆరు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, చివరికి తన పొట్ట కొట్టినదాని పొట్ట విప్పి చూడడం నేర్చుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా వాయిద్యాల దుకాణం వెనక గదిలో అదే పని. లోపల ఉన్నవన్నీ ఎవరో వాయిస్తే పట్టి దాచిన స్వరాలేననీ, ఈ కరెంటు సంగీతానికి సొంత నోరు లేదనీ ఆయన తీర్పు. "దేవుడు ప్రత్యక్షమైనా గుర్తింపు కార్డు అడుగుతారు మీరు," అనేది భార్య.

పదకొండింటికి ఒకావిడ, మోగడం మానేసిన చెక్క పెట్టె ఒకటి బాగుచేయించడానికి తెచ్చింది. దానికి కీబోర్డులా నొక్కే మెట్లు లేవు. తొమ్మిది గుండీలు, బోలెడు వైర్లు. నాటకాలకు సంగీతం కట్టడం తన పని అని చెప్పింది.

"ఇందులో ఏ వాయిద్యం పలుకుతుందమ్మా?"

"ఏదీ పలకదండీ. దీని శబ్దం దీనిదే."

"అందరూ అలాగే అంటారు. ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చారో విప్పితే తెలుస్తుంది."

ఆవిడ నవ్వింది. "తెలిస్తే నాకూ చెప్పండి. సాయంత్రం వస్తా."

స్వరాలు దాచే చిప్పు కోసం భూతద్దంతో వెతికారు. లేదు. దొంగ అర ఉందేమోనని పెట్టె అడుగున వేలితో కొట్టి చూశారు. లేదు. ఊడిన అతుకు ఒకటి కనిపిస్తే అంటించారు. అన్నం వేళ దాటిపోయింది.

గుండీ తిప్పారు. సన్నగా మొదలైన శబ్దం వంగింది, వెడల్పయింది. వేణువా? కాదు. ఈదురుగాలా? కాదు. ఎడమచేతి వేళ్ళు అలవాటుగా గాలిలో దాని చోటు వెతికాయి. రెండు స్వరాల మధ్య, తన వేలు ఏనాడూ ఆగని చోట అది ఆగింది.

దుకాణం యజమాని తొంగిచూశాడు. "ఏంటి మాస్టారూ, బాగైందా?"

"బాగైంది. నాకే నమ్మకం కుదరడంలేదు."

"పనిచేస్తుందనా?"

"కాదయ్యా! ఇది ఎవర్నీ అనుకరించడంలేదు. అదెలా కుదురుతుంది? ఎక్కడో మోసముంది." కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

ముందు గదిలో గిటార్లు తుడుస్తూ యజమాని చాలాసేపు ఆ శబ్దం విన్నాడు. మొదట మారుతూ వచ్చింది. తర్వాత ఒకే స్వరం మీద నిలిచిపోయింది. పరీక్షిస్తున్నారనుకున్నాడు. ఆవిడ వచ్చాకే ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

మాస్టారు పెట్టెవైపు తల వంచి, కళ్ళు మూసుకుని ఉన్నారు. చెయ్యి ఒళ్ళోకి జారి ఉంది. యజమాని పిలిచాడు. భుజం తట్టాడు. మణికట్టు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"మాస్టారు లేరమ్మా," అన్నాడు.

శబ్దం ఆపడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. పెట్టె పిడికి దారంతో కట్టిన అట్టముక్క ఒకటి వేలాడుతోంది. దానిమీద పెన్సిలుతో, ఒత్తి రాసిన ఆయన అక్షరాలు: 'బాగైంది. అనుమానం తీరలేదు. ఇవ్వొద్దు, రేపు మళ్ళీ వింటాను.'