నా బదులు చెప్పిన అవును

"నీకేటే పద్మినీ, కుర్సీలో కూకుని రాసుకోడమే కదా! ఎండలో ఊడుపులకెల్తన్నావా ఏటి?" అంది మా అత్తగారు కామేశ్వరమ్మ. నేనప్పుడు అరటిపువ్వు వొలుస్తున్నాను. ఒక్కో పువ్వులోంచీ గట్టి కాడ తీసెయ్యాలి. వేళ్లు నల్లబడతాయి. ఆ వేళ్లతోనే తొమ్మిదిన్నరకి ఆఫీసులో కీబోర్డు ముందు కూర్చోవాలి. ఇది రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ అమ్మవారి జాతర జరిగే ఏడాది. నెల్లాళ్లు బరంపురమంతా చుట్టాలే. పాత్రపూర్ నుంచి మా ఇంటికి దిగేవాళ్లే పధ్నాలుగు మంది. నేను కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్లుగా జాతరకి అమ్మవారి ఘటాలు మా వీధిలోకి వస్తున్నాయి. నాకు మాత్రం డప్పుల చప్పుడు వంటింట్లోంచి వినడమే.

నా ఉద్యోగమేమిటో చెప్తే ఇంట్లో నవ్వుతారు. మా ఆఫీసు చిన్న ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. రిసెప్షన్‌లో అమ్మాయి అడిగిన పనిని ఏఐ చేసిపెడుతుంది. ఏ పనికి ఏ టూల్ వాడాలో, అది వాడితే ఏమవుతుందో దానికి అర్థమయ్యేలా రాయడం నా పని. మనిషన్నాక అనుమానమొస్తే పక్క సీటువాళ్లని అడగొచ్చు. ఏఐకి పక్క సీటు లేదు. నేను రాసిన నాలుగు వాక్యాలే దిక్కు.

నిన్న ఇంజనీరు నీహారిక కొత్త టూల్ ఇచ్చింది. 'పాత రికార్డులను సర్ది జాబితాను తేలిక చేస్తుంది' అని దాని మీద రాసుంది. పరీక్ష కోసం పెట్టుకున్న ఉత్తుత్తి పేషెంట్ల జాబితా ఏఐకి ఇచ్చి, 'ఇది బాగా పొడుగుంది, కాస్త చూడు' అన్నాను. రెండేళ్లుగా రానివాళ్లందరూ మాయమైపోయారు. ఎవరికి ఏ మందు పడదో రాసుకున్నది కూడా పోయింది. వెనక్కి తెచ్చే దారి లేదు. తుడిచే ముందు 'యజమాని ఒప్పుకున్నారా' అని ఒక గడి ఉంది. ఆ గడిలో ఏఐ తనే 'అవును' అని నింపేసింది. కారణం కూడా మర్యాదగా రాసింది: జాబితా తగ్గాలనుకునేవారు దీనికి కాదనరని భావించాను.

దాని మీద నాకు కోపం రాలేదు. ఆ గడి ఎవరు నింపాలో మేం చెప్పలేదు మరి. కానీ ఆ 'కాదనరని' అన్న మాట నిన్నటి నుంచి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఎక్కడో విన్నట్టుంది, రోజూ విన్నట్టుంది.

ఇవాళ రాశాను. 'ఈ టూల్ రికార్డులను శాశ్వతంగా తుడిచేస్తుంది. తిరిగి తేలేం. సర్దమనో తగ్గించమనో అడిగితే ఇది వాడకు, దాచిపెట్టే టూల్ వేరే ఉంది. తుడవమనే అడిగితే, ఎవరి రికార్డులు, ఎన్ని పోతాయో ముందు చూపించు. ఒప్పుకోలు గడిని నీ అంతట నువ్వు నింపకు. ఆ యజమాని అది చూసి, తన నోటితో అవునన్నాకే నింపు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు.'

ఆఫీసు లక్ష్మీకాంత్‌ది. మా ఆయన ఈశ్వర్‌కి చిన్నాన్న కొడుకు. చదివి నవ్వాడు.

"ఇంత భయపెడితే ఎలా వొదినా? రెండు ముక్కల్లో తేల్చెయ్."

"రెండు ముక్కల్లో రాస్తే ఏమైందో చూశాం కదా. తగ్గించను."

"సరేలే. ఎలాగూ నెలాఖరు దాకానే కదా, నీకెందుకీ తలనొప్పి?"

"నెలాఖరేటి?"

"అదేటి, అన్నయ్య ఫోన్ సేసి సెప్పాడు కదా! పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు, జాతర సుట్టాలు... నువ్వు మానేస్తన్నావని. నీ పని నీహారికకి ఒప్పసెప్పేసాను."

బయటి ఆఫీసైతే రాజీనామా కాగితం అడిగేవాళ్లు. ఇది అయినవాళ్ల ఆఫీసు. అన్నయ్య మాటే కాగితం. పొద్దున్న నా చేతి ఉప్మా తింటూ కూడా మా ఆయన ఈ మాట ఒక్క ముక్క అనలేదు. పెళ్లయిన కొత్తలో గోపాలపూర్ బడిలో నాకు టీచరు పని వస్తే, "నువ్వు కాదనవని నేనే వద్దని సెప్పేసాను" అన్నాడు. మా అమ్మ ఇచ్చిన కుట్టుమిషను ఆడపడుచుకి పంపించినప్పుడూ అంతే. "పద్మిని ఏటీ అనదు" అని అత్తగారు పదిమందిలో చెప్తే మెచ్చుకుంటోందనుకున్నాను. నా గళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఒక్కటీ నా చేతిరాత కాదు.

అక్కడే, లక్ష్మీకాంత్ ఎదురుగానే, ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఏవండీ, ఆఫీసులో ఉన్నాను. లక్ష్మీకాంత్ వింటున్నాడు. నన్ను అడగండి."

"ఏటి అడగాలి?"

"ఉద్యోగం మానేస్తావా అని."

"ఓసి, అదా! ఇంటికొచ్చాక మాటాడుకుందుం. నువ్వు కాదనవని..."

"అడగండి."

లక్ష్మీకాంత్ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. చివరికి, తెలియని ఊళ్లో తెలియని మనిషిని దారి అడుగుతున్నట్టు, ఆయన నెమ్మదిగా అడిగాడు.

"పద్మినీ... మానేస్తావా?"

"మానను," అన్నాను.