అంకె తర్వాతి ఖాళీ

...అయినా రెండక్షరాలు తినేయడం ఎలా కుదురుతుంది, తింటే రుచైనా గుర్తుండాలి కదా అనుకుంది పరంజ్యోతి, బస్సు కిటికీకి తల ఆనించి. బయట దుమ్ము లేచింది. ఈ ఎడారి దేశంలో, హవల్లీ పేట మేడలన్నీ పాలలో నానిన రొట్టెముక్కల్లా అంచులు మెత్తబడి, ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. ఆసుపత్రిలో నర్సుగా నైట్ డ్యూటీ దిగి మూడు గంటలైంది. నిద్రలేని కళ్ళకి ఊరు కలకి ఇటువైపో అటువైపో తేలదు.

ఆ మాట భర్త సురేష్ బాబుది. షువైఖ్‌లో గోడౌన్ స్టోర్‌కీపరు. సాయంత్రాలు చర్చి కూటాల వీడియోలు ఎడిట్ చేస్తాడు. నాలుగేళ్ళ కిందట కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలని గోడౌన్ చీటీ మీద దాని పేరు, నంబరు రాసిచ్చాడు. నీకు దార్లోనే కదా అన్నాడు. దారి అంటే రెండు బస్సులు. తెచ్చి చేతికిస్తే పెట్టె తిప్పి చూసి, "ఐదొందల అరవై అంటే ఉత్త ఐదొందల అరవయ్యేనా? వెనకాల టీఐ అని రాశాను, కనపళ్ళేదా?" అన్నాడు. ఆ రెండక్షరాలు లేనిది పేరుకి అక్కే గానీ పనికి చెల్లెలట. చీటీ అప్పటికే చెత్తబుట్టలోకి పోయింది.

అప్పట్నుంచి శుక్రవారం ఆరాధన అయ్యాక, తను వండిన బిర్యానీతో పాటు ఆ కథా వడ్డనకి వచ్చేది. రెండక్షరాలు తినేసిందిరా మా ఆవిడ, ఒంటికి పట్టింది చూడు, అనేవాడు. అందరూ నవ్వేవారు. పెరుగుపచ్చడి వేస్తూ తనూ నవ్వేది. మొదటి ఏడాది ఆ చీటీలో అక్షరాల్లేవని గట్టిగా తెలుసు. రెండో ఏడు, ఏమో అనిపించింది. మూడో ఏటికి కళ్ళు మూస్తే అవి కనిపించడం మొదలుపెట్టాయి, నీలం సిరాతో, అతని పక్కకి ఒరిగే చేతిరాతతో సహా. మనిషి అన్నిసార్లు చెబితే మనసు తనంతట తానే అచ్చేసుకుంటుంది కాబోలు.

అదే మనసు, పదకొండేళ్ళుగా వార్డులో ఒక్క మందు దగ్గరా తడబడలేదు. ఒకేలా వినబడే పేర్ల పట్టీ మందుల బీరువా తలుపుకే అంటించి ఉంటుంది. డాక్టరు మోతాదు రాయడం మరిచిపోతే ఊహించి వెయ్యదు. ఎంత తొందరైనా కాగితం వెనక్కి తీసుకెళ్ళి, పెన్నుతో సహా ముందు పెడుతుంది. ఎంతటివాళ్ళైనా విసుక్కుంటూనే పూరించి సంతకం పెడతారు. అక్కడ ఖాళీ, రాసినవాడిది.

బస్సు దిగి, కొత్త కార్డు కోసం సురేష్ బాబు ఈసారి రాసిచ్చిన చీటీతో షాపుకెళ్ళింది. కౌంటర్లో ఉన్న నూర్ బాషాది రాయచోటి. చీటీ చూసి రెండు పెట్టెలు తెచ్చి పెట్టాడు. పెట్టెలు కవల పిల్లల్లా ఉన్నాయి. మీద పది అరవై అనే అంకె కూడా ఒకటే.

"ఏది కావల్లక్కా? ఇది మూడు జీబీ, ఇది ఆరు."

"మెమరీ ఒక్కటేనా తేడా?"

"అట్లనే అనుకుంటారు అందరూ. మూడుదాంట్లో లోపల పనిచేసే భాగాలు గూడా కొన్ని తగ్గించినారు. పేరు మాత్రం మార్చలా. వీడియో పనికైతే ఆరుదే మేలు. నీ చీటీలో ఏముంది?"

చీటీలో పది అరవై అని ఉంది. తర్వాత తెలుపు.

ఆ తెలుపుని ఆమె చాలాసేపు చూసింది. షాపులో ఫ్యాన్ల రొద సముద్రంలా దూరం జరిగింది. ఆ తెల్లటి చోటులోంచి నాలుగేళ్ళ కిందటి చీటీ మెల్లగా పైకి తేలింది, నీళ్ళలో మునిగిన కాగితం తేలినట్టు. ఐదొందల అరవై. తర్వాత, ఏమీ లేదు. అతికించుకున్న సిరా అంతా కరిగిపోయింది.

ఆరుది కొనేయొచ్చు. కొంటే ఏమవుతుంది? సరైనది వస్తే చీటీ తెచ్చినట్టు, తప్పుది వస్తే పరంజ్యోతి తెచ్చినట్టు. ఆమె పెట్టెలు రెండూ మెల్లగా నూర్ బాషా వైపు జరిపింది. రేపు వస్తానయ్యా అంది. ఇంటికెళ్ళి, కలలేమీ లేకుండా సాయంత్రం దాకా పడుకుంది. కార్డేదని సురేష్ బాబు అడిగితే రేపు చెబుతానంది.

మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, విస్తళ్ళ ముందు నలుగురు కూర్చున్నాక, అతను మళ్ళీ అడిగాడు. పక్కన కూర్చున్న చర్చి స్నేహితుడు అబ్బులన్నయ్య అందుకున్నాడు: "ఈసారి ఎన్ని అక్షరాలు తిన్నావు చెల్లెమ్మా?"

నవ్వులు లేచాయి. ఆమె చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, చీటీ తెచ్చి అతని విస్తరి పక్కన పెట్టింది.

"ఈ పేరుతో రెండు రకాలున్నాయండీ. ఏది కావాలో రాయండి." వార్డులో మాట్లాడే గొంతే, మెల్లగా. "పోయినసారీ ఇలాగే ఖాళీగా వదిలేశారు."

సురేష్ బాబు చీటీ వంక చూశాడు. అబ్బులు వంక చూశాడు. "రెండు రకాలా? అంటే, పది అరవయ్యే గదా," అన్నాడు.

"అదే. అందులోనే."

ఎవరూ నవ్వలేదు. ఆమె వార్డు పెన్ను మూత తీసి, చీటీ మీద ఆ తెల్లటి చోట, మొన అతనివైపు తిప్పి పెట్టింది.