గ్యాస్కెట్ మీద పూత

ఖతార్‌లోని అల్ రువైస్ గ్యారేజీలో మెకానిక్ పోశన్న ఆ పాత పికప్ ఆయిల్ పాన్ విప్పేసరికి, ఆయిల్ జాలీ నిండా సిలికాన్ ముక్కలు కనిపించాయి. తాను సెలవులో ఉండగా సూపర్‌వైజర్ జడ్సన్ పగిలి ఆయిల్ కారుతున్న గ్యాస్కెట్ మార్చకుండా సిలికాన్ సీలెంట్ పూసి పంపేశాడు. ఊడిన పూత అడ్డుపడి ఆయిల్ అందక ఇంజన్ దడదడలాడి ఆగిపోవడంతో, బండి యజమాని ముసలి జాలరి మిట్టమధ్యాహ్నం ఎడారి రోడ్డుమీద నిలబడిపోయాడు.

పోశన్న ఆ ముక్కలు తెచ్చి జడ్సన్ బల్లమీద కొట్టాడు. "మీరు లీకు ఆపలే సారూ, ఇంజన్ గొంతు పిసికిండ్రు!"

"పాత బండికి అదే ఎక్కువ. మళ్ళీ పూసెయ్యి, యల్లా, తొందరగా కానియ్!"

"పుయ్య. కొత్త గ్యాస్కెట్ వచ్చేదాంక స్పానర్ ముట్ట. బండి లేటయితదని గా పెద్దమనిషికి మీరే చెప్పుండ్రి."

జడ్సన్ గొణుగుతూనే దోహాకు ఫోన్ చేసి గ్యాస్కెట్ తెప్పించాడు. దాన్ని బిగిస్తున్నంతసేపూ పోశన్న అతని మొహం చూడలేదు.